షామియానా కింద వాతావరణం

విశాఖపట్నంలో "వాతావరణ మార్పంతా ఒట్టి బూటకం" అనే మనిషి నాకింతవరకు తగల్లేదు. ఆటో డ్రైవరు దగ్గర్నుంచి రిటైర్డ్ ప్రొఫెసరు దాకా అందరూ ఒప్పుకునేవాళ్లే. ఎండలు ఎప్పుడొస్తున్నాయో ఎప్పుడు పోతున్నాయో తెలీట్లేదంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎవరింటి కిటికీ రెక్క ఎటు కొట్టుకుపోయిందో, పాల ప్యాకెట్ ఎంత పెట్టి కొన్నారో ఇప్పటికీ గుక్క తిప్పుకోకుండా చెబుతారు. నాయకులూ ఒప్పుకుంటారు. జూన్ 5, పర్యావరణ దినం, వచ్చిందంటే పార్టీ ఏదైనా సరే మొక్క నాటాల్సిందే, పక్కన ఫ్లెక్సీ కట్టాల్సిందే.

ఇంతమంది ఒప్పుకున్న ఊళ్లో దీనిమీద గట్టి చర్చే జరగాలి. జరగదు. బొగ్గు ఎంత కాల్చాలి, తీరం పక్కన ఏం కట్టాలి, ఎవరికి ఎంత కరెంటు, ఎన్ని నీళ్లు ఇవ్వాలి అని తేల్చేచోట ఈ మాటే వినపడదు. జనానికి అవగాహన లేదని, అందుకే ఇలా ఉందని మా స్నేహితులు కొందరంటారు. నేనొప్పుకోను. అవగాహన సదస్సులు పెట్టీ పెట్టీ బ్యానర్లు అరిగిపోయాయి. నా లెక్కలో ఇది డబ్బూ రాజకీయమూ కలిసి చేస్తున్న పని. అమెరికాలో డబ్బు పెట్టి సైన్సు మీద అనుమానం పుట్టించారు. మన దగ్గర అంత ఖర్చు అక్కర్లేదు. ఏ ప్రశ్న ఎక్కడ అడగాలి, ఎవరు అడగాలి, అడిగినవాణ్ణి ఏమని పిలవాలి అన్నవి చూసుకుంటే చాలు.

అమెరికా కథ ముందు చెప్పేస్తాను. అది కాగితాల మీద దొరికిపోయిన కథ. 1977లో ఎక్సాన్ అనే చమురు కంపెనీలో పనిచేసే జేమ్స్ బ్లాక్ అనే సైంటిస్టు తన పైవాళ్లకే చెప్పాడు, చమురూ బొగ్గూ కాల్చడం వల్లే భూమి వాతావరణం మారే అవకాశం ఎక్కువని సైంటిస్టులు అనుకుంటున్నారని. ఆ కంపెనీ మనుషులు అప్పట్నుంచీ వేసుకున్న అంచనాల్ని కొందరు పరిశోధకులు తిరగదోడి 2023లో 'సైన్స్' పత్రికలో వేశారు. వాటిలో ఎక్కువ భాగం ఆ తర్వాత నిజంగా పెరిగిన వేడితో సరిపోయాయి. అంటే వాళ్లకి తెలుసు, బాగా తెలుసు. బయటికి మాత్రం ఇంకా ఏదీ తేలలేదన్నారు. 1989లో చమురు, బొగ్గు, కార్ల కంపెనీలు చేరి గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్ అని ఓ కూటమి పెట్టుకున్నాయి. 1998లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ అనే చమురు కంపెనీల సంఘం ఆధ్వర్యంలో తయారైన ప్లాను ఒకటి పత్రికలకెక్కింది. ఈ సైన్సులో అనిశ్చితి ఉందని సగటు పౌరుడు ఎప్పుడు అనుకుంటాడో అప్పుడు మనం గెలిచినట్టు అని అందులో రాసుకున్నారు. సిగరెట్ కంపెనీలు అంతకుముందే తొక్కిన దారి అది. ఫలితం ఏమిటంటే, అక్కడ థర్మామీటరు రీడింగు కూడా పార్టీ జెండా అయిపోయింది. ఒక అధ్యక్షుడు భూమి వేడిని అదుపు చేసే పారిస్ ఒప్పందంలో చేరతాడు, ఇంకొకాయన బయటికొస్తాడు.

మనకి ఆ గొడవ లేదు. అందుకే మనం మెరుగు అనుకుంటాం.

ఇప్పుడు మన దగ్గరికి రండి. మా పిన్ని వాళ్లది జ్ఞానాపురం. మేడ మీద వడియాలు పెట్టడం ఆవిడ ఎప్పుడో మానేసింది. పొద్దున తుడిచిన కిటికీ చువ్వ మీద సాయంత్రం వేలు పెట్టి గీస్తే నల్లగా అంటుకుంటుంది. బొగ్గు ధూళి. దీనిమీద ఊళ్లో చర్చ బాగానే జరుగుతుంది. ధర్నాలు, వినతిపత్రాలు, నీళ్లు చిమ్మే యంత్రాలు, బొగ్గు గుట్టల మీద టార్పాలిన్లు, అన్నీ వచ్చాయి. వేలికి అంటుకునేదాన్ని ఎవరూ దాచలేరు కాబట్టి ఆమాత్రమైనా జరిగింది. కానీ అదే బొగ్గు కాలాక వచ్చే కార్బన్ డయాక్సైడ్ వేలికి అంటదు, ముక్కుకి తెలీదు. దానికి మాట తప్ప ఆధారం లేదు. ఎవరో ఒకరు లెక్క చెప్పాలి, ఎవరో ఒకరు అడగాలి. మాట మీద అదుపు ఉన్నవాడికి ఇంతకంటే అనుకూలమైన విషయం ఇంకేముంటుంది?

ఆ అదుపు ఎలా ఉంటుందో చూడాలంటే పబ్లిక్ హియరింగ్‌కి వెళ్లాలి. తెలుగులో ప్రజాభిప్రాయ సేకరణ అని గంభీరంగా రాస్తారు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టు ఏది రావాలన్నా చాలావరకు ఇది జరగాలి. కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది, కలెక్టరు గానీ ఆయన తరఫు అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు, ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇంతమంది రావాలన్న కోరం మాత్రం ఏమీ లేదు. పదిమందే వచ్చినా అది ప్రజాభిప్రాయమే.

అచ్యుతాపురం అవతల ఓ ఊళ్లో జరిగినదానికి నేను వెళ్లాను. షామియానా, ఇనుప బారికేడ్లు, రెండు వ్యాన్ల పోలీసులు, మజ్జిగ ప్యాకెట్లు. ముందు వరసలో పంచాయతీ పెద్దలు. కంపెనీ తరఫు మనిషి తెర మీద బొమ్మలు వేసి అరగంట చెప్పాడు, సగం ఇంగ్లీషు. మాకు పంచిన తెలుగు సారాంశంలో 33 శాతం స్థలంలో గ్రీన్ బెల్టు పెంచబడును అన్న వాక్యం మాత్రం మళ్లీమళ్లీ కనపడింది. తర్వాత మైకు జనంలోకి వచ్చింది. ఓ పెద్దాయన లేచాడు. "బాబూ, ఇయన్నీ మాకేటి తెలుస్తాయి. మా బూవులు తీసుకున్నారు. మా కుర్రోళ్లకి ఉజ్జోగాలిత్తారా, ఇవ్వరా? అదొక్కటీ సెప్పండి." జనం చప్పట్లు కొట్టారు. న్యాయమైన ప్రశ్న అది, ఆయన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. అధికార పార్టీ నాయకుడు మన ప్రాంతం బాగుపడాలన్నాడు. ప్రతిపక్షం నాయకుడు కూడా అదే అన్నాడు, కాకపోతే పనులు స్థానికులకే ఇవ్వాలని గట్టిగా అన్నాడు.

డిగ్రీ చదివే కుర్రాడొకడు చీటీ మీద రాసుకొచ్చి అడిగాడు. ఏడాదికి ఎంత బొగ్గు తగలేస్తారు, ఎంత కార్బన్ వస్తుంది, తుపాన్లు పెరుగుతున్నాయంటున్నారు కదా, తీరానికింత దగ్గర్లో ఎందుకు? వేదిక మీద నుంచి జవాబు, అన్నీ పర్యావరణ ప్రభావ అంచనా రిపోర్టులో ఉన్నాయని. "రిపోర్టు ఇంగ్లీషులో ఉంది సార్, వందల పేజీలు." "సరే, నెక్స్ట్."

అంతే. ఎవరూ వాణ్ణి కసరలేదు, మైకు లాక్కోలేదు. పక్కవాడికి అందించమన్నారు, అందించాడు.

ఆ రిపోర్టు సంగతి కాస్త చెప్పాలి. అది రాసేది కన్సల్టెంట్ సంస్థ. దాన్ని ఎంచుకునేది ప్రాజెక్టు కంపెనీ, ఫీజు ఇచ్చేదీ ఆ కంపెనీయే. పెళ్లికొడుకు గుణగణాల మీద పెళ్లికొడుకు తండ్రి చేతే ఎంక్వైరీ చేయించినట్టు. కన్సల్టెంట్లకి ప్రభుత్వ గుర్తింపు ఉంటుంది, నిజమే. అయినా ప్రాజెక్టు వద్దని రాసిన కన్సల్టెంటుకి రేపు ఇంకో కంపెనీ పని ఇస్తుందా? పర్యావరణ మంత్రిగా ఉన్న రోజుల్లో జైరాం రమేశే ఈ పద్ధతి ఒక జోక్ లాంటిదన్నారు. ఆయన అన్నారు, దిగిపోయారు. పద్ధతి అలాగే ఉంది.

షామియానా కింద పార్టీలు రెండూ ఒకే మాట మాట్లాడటానికి కారణం సిద్ధాంతం కాదు. ప్లాంటు వస్తే దాని వెనక టిప్పర్లు వస్తాయి, లేబర్ కాంట్రాక్టు వస్తుంది, క్యాంటీను, సెక్యూరిటీ, గ్రావెల్, బూడిద రవాణా. ఇవన్నీ ఎవరి చేతికి వెళ్తాయో ఊళ్లో అందరికీ తెలుసు. 2024 నవంబరులో రాయలసీమ థర్మల్ ప్లాంటు బూడిద రవాణా మీద రాష్ట్రంలోని అధికార కూటమి నాయకుల వర్గాలే తగువుకి దిగితే ముఖ్యమంత్రి పిలిపించాల్సి వచ్చింది. బూడిద ఎవరు మోయాలన్నదే వాళ్ల తగువు. ఆ బూడిద ఏమవుతోంది, అంత బొగ్గు ఇంకెన్నాళ్లు కాలుస్తాం అన్నది వాళ్లకి తగువే కాదు. ఢిల్లీలో లాబీయింగ్ గురించి మనం పెద్ద పెద్ద మాటలు మాట్లాడుకుంటాం గానీ, మండల స్థాయిలో చర్చ నోరు నొక్కేది ఈ టిప్పరు డబ్బే అని నా అభిప్రాయం. దీనికి కుట్ర అక్కర్లేదు. అందరికీ తలా కాస్త అందితే చాలు. ఇక కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్ఆర్ నిధుల్తో ఆర్ఓ వాటర్ ప్లాంటు, స్కూలుకి బెంచీలు, గుడికి రంగులు. బోరు నీళ్లు పాడయ్యాయని కోపంగా ఉన్న ఊరికి మంచినీళ్ల క్యాను ఇచ్చి, దానిమీద కంపెనీ పేరు వేస్తారు. ఇక ఆ ఊరు ఏం అడుగుతుంది?

పైస్థాయి డబ్బు సంగతి క్లుప్తంగా. 2017కి ముందు ఒక కంపెనీ పార్టీలకి ఇవ్వగలిగే విరాళానికి పరిమితి ఉండేది, మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం. ఆ ఏడాది దాన్ని ఎత్తేశారు. ఎన్నికల బాండ్లు వచ్చాయి. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో మామూలు జనానికి తెలీదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అదే తంతు. జాబితా బయటికొచ్చాక చూస్తే గనులు, విద్యుత్తు, ఇన్‌ఫ్రా కంపెనీలు బారులు తీరి ఉన్నాయి, తీసుకున్నవాళ్లలో మన రాష్ట్ర పార్టీలూ ఉన్నాయి. ఏ విరాళానికి ఏ అనుమతి అని గీత గీసి చూపించడం నా వల్ల కాదు, అలా చూపించేవాళ్లని నేను తేలిగ్గా నమ్మను కూడా. కానీ ఇంకో వైపు చూడండి. 2014లో ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదిక ఒకటి బయటికొచ్చింది. విదేశీ నిధులు తీసుకునే స్వచ్ఛంద సంస్థల ఆందోళనల వల్ల దేశ వృద్ధి ఏటా రెండు మూడు శాతం దాకా దెబ్బతింటోందని అందులో రాశారు. ఆ తర్వాత బొగ్గు గని గురించో థర్మల్ ప్లాంటు గురించో అడిగినవాణ్ణి "నీకు డబ్బులెక్కణ్ణుంచి వస్తున్నాయి" అనడం మామూలైపోయింది. అడగొచ్చు, తప్పులేదు. అదే ప్రశ్న వేదిక మీద కూర్చున్నవాళ్లని కూడా అడగాలి కదా, ఆ ఏడేళ్లూ అడిగినా జవాబు దొరికే దారి లేకుండా చట్టమే చేశారు.

మీడియా విషయానికొస్తే, మన దగ్గర ఏ ఛానల్ ఏ పార్టీదో స్కూలు పిల్లాడు కూడా చెబుతాడు. రుషికొండ తవ్వకాల కథే తీసుకోండి. కొండని గుండు కొట్టారని సగం మీడియా నెలల తరబడి గగ్గోలు పెట్టింది, మిగతా సగానికి అక్కడ కొండ ఉన్నట్టే తెలీదు. 2024లో ప్రభుత్వం మారింది, అక్కడ కట్టిన భవనాల తలుపులు తెరిచారు. కొండ సంగతి పోయి బాత్‌టబ్ ధర మీద చర్చ మొదలైంది. తీరం, కొండవాలు, వాననీటి దారి, ఇవన్నీ ఆ బాత్‌టబ్‌లో మునిగిపోయాయి.

మీడియా వాతావరణ మార్పు గురించి అసలు మాట్లాడదని కాదు. భయపెట్టడానికి బాగా మాట్లాడుతుంది. 2021 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ ఆరో నివేదిక మొదటి భాగం వచ్చాక, దాని ఆధారంగా నాసా ఓ టూల్ పెట్టింది. అందులో విశాఖ దగ్గర 2100 నాటికి సముద్రమట్టం సుమారు 1.77 అడుగులు పెరగొచ్చని ఉంది. చాలా పెద్ద విషయమే అది. తుపాను పోటు వచ్చినప్పుడు ఆ అడుగుముప్పావు ఎంత లోపలికొస్తుందో జాలరిపేటలో ఎవర్నడిగినా చెబుతారు. కానీ మన తెరల మీద ఏమొచ్చింది? మూడడుగుల నీళ్లలో విశాఖ, మునిగిపోనున్న నగరం, నీళ్లలో తేలుతున్న ఆర్కే బీచ్ గ్రాఫిక్సు. నాసా టూల్‌లోని మన తీర నగరాల జాబితాలో మూడడుగుల దగ్గరికి వచ్చింది ఒక్క గుజరాత్‌లోని భావ్‌నగర్. ఇలాంటి భయం వార్తల్లో ఒక సుఖముంది. ప్రకటనలిచ్చేవాడికి ఇబ్బంది ఉండదు. ఊరు మునుగుతుందంటారు గానీ ముంచేదెవరో అనరు. పైగా అదే ఊళ్లో సముద్రానికి ఎదురుగా ఫ్లాట్లు అమ్ముతున్న ప్రకటన ఆ పక్కనే వస్తుంది. కేంద్రం 2019 తీరప్రాంత నోటిఫికేషన్‌లో జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరాల్లో నిర్మాణాలు కూడని హద్దును 200 మీటర్ల నుంచి 50 మీటర్లకి కుదించింది. మునిగిపోతామని అంత గుండెలు బాదుకున్న ఛానళ్లు దానిమీద ఎన్ని గంటలు చర్చ పెట్టాయో మీరే గుర్తుచేసుకోండి.

ఇక్కడ ఒక వాదన ఎదురవుతుంది, అది బలమైనదే. భూమిని వేడెక్కించింది మనమా? అమెరికావాడు తలకి ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలితే మనం రెండు టన్నులు. గాజువాకలో కూలర్ కొనుక్కున్నవాడిని పట్టుకుని బొగ్గు మానెయ్యమనడం అన్యాయం కదా? అన్యాయమే. అంతర్జాతీయ వేదికల మీద మన ప్రభుత్వాలు, పార్టీ ఏదైనా, ఈ మాట అనడం సబబు. కానీ ఆ రెండు టన్నుల సగటులో పెదజాలారిపేట మత్స్యకారుడూ ఉన్నాడు, మూడు కార్లున్న కాంట్రాక్టరూ ఉన్నాడు. పేదవాడి తక్కువ వాడకాన్ని ముందు పెట్టి, దాని వెనక పెద్దవాళ్లు దాక్కుంటున్నారు. తుపానొచ్చినప్పుడు పడవ పోయేది ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

విశాఖ ఉక్కు విషయంలో మాత్రం నా కాళ్లు కూడా కాస్త తడబడతాయి. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ప్లాంటు. ప్రైవేటుపరం చేస్తామన్న 2021 నుంచీ మానవహారాల్లో నేనూ నిలబడ్డాను, పిలిస్తే మళ్లీ నిలబడతాను. అయినా బొగ్గుతో కొలిమి నడిపే ఈ పద్ధతిలో టన్ను ఉక్కు తయారైతే రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుందన్న మాట ఆ శిబిరాల్లో ఒక్కసారి కూడా వినలేదు. అమ్మాలన్నవాళ్లూ అనలేదు, అమ్మొద్దన్నవాళ్లూ అనలేదు. ప్లాంటుకి భూములిచ్చినందుకు ఇచ్చిన ఆర్ కార్డు పట్టుకుని ఇప్పటికీ ఉద్యోగం కోసం చూస్తున్న నిర్వాసితుడి ముందు ఆ మాట ఎత్తడం నాకూ కష్టమే. కానీ పాత కొలిమి మార్చి కొత్త పద్ధతి పెట్టడానికి ఏళ్ల తరబడి పెట్టుబడి కావాలి, అది ప్రభుత్వ సంస్థ అయితేనే జనం నిలదీసి అడగగలరు. ప్లాంటుని నిలుపుకోవడానికి ఇంతకంటే మంచి వాదన ఉందా? ఎవరూ వాడుకోలేదు. ఈలోపు నక్కపల్లి దగ్గర ఇంకో పెద్ద ప్రైవేటు స్టీల్ ప్లాంటుకి ఎర్ర తివాచీ పరిచారు.

ఇప్పుడు ఊళ్లో కొత్త గాలి. 2025 జనవరి 8న ప్రధాని పూడిమడకలో, సౌర, పవన కరెంటుతో నీళ్ల నుంచి ఇంధనం తీసే గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన చేశారు, 1.85 లక్షల కోట్ల పెట్టుబడి అన్నారు. అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు. నేను వీటికి వ్యతిరేకిని కాను. మా ఇంట్లో పిల్లలకీ ఉద్యోగాలు కావాలి. కానీ హైడ్రోజన్ నుంచి తయారయ్యేవాటిలో ఎక్కువ భాగం ఎగుమతికేనని వాళ్లే చెప్పారు. డేటా సెంటర్‌కి గిగావాట్ లెక్కన కరెంటు కావాలి. ఎండాకాలం ట్యాంకర్ల కోసం బిందెలు పెట్టుకునే ఊళ్లో "కరెంటు ఎక్కడిది, నీళ్లెక్కడివి" అని అడిగితే, "మీకు అభివృద్ధి ఇష్టం లేదా" అంటారు. పార్టీలు మాత్రం బాగానే కొట్టుకున్నాయి, ఘనత మాదంటే మాదని. నీళ్ల లెక్క అడిగిన పార్టీలు చిన్నవి, వాటికి తెర మీద నిమిషం కూడా దొరకలేదు.

ఉత్తరాంధ్రలో వాతావరణం కోసం జరిగిన పెద్ద పని ఏమిటని ఎవరైనా నన్నడిగితే సోంపేట అంటాను. 2010 జులై 14న కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకుని ఆ రైతులూ మత్స్యకారులూ 2,640 మెగావాట్ల బొగ్గు ప్లాంటుని ఆపారు. వాళ్లు కార్బన్ గురించి మాట్లాడలేదు, బీల అనే తమ చిత్తడి నేల గురించి, వరి గురించి, చేపల గురించి మాట్లాడారు. ప్లాంటు రాలేదు, ఆ బొగ్గు కాలలేదు. వాళ్లని అప్పట్లో అభివృద్ధి నిరోధకులన్నారు. మొక్క నాటి ఫొటో దిగినవాళ్లకి పర్యావరణ ప్రేమికులని పేరు.

2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది చనిపోయారు. పర్యావరణ అనుమతి లేకుండానే నడిపామని ఆ కంపెనీ ఏడాది ముందే అఫిడవిట్‌లో ఒప్పుకుంది. సరిగ్గా ఆ వేసవిలోనే 2006 నోటిఫికేషన్ స్థానంలో తేవాలని కేంద్రం కొత్త ముసాయిదా పెట్టింది. అందులో ముందు కట్టేసి తర్వాత అనుమతి తీసుకునే వెసులుబాటు ఉంది, పబ్లిక్ హియరింగ్ నోటీసు గడువు ముప్పై రోజుల నుంచి ఇరవైకి తగ్గించాలనీ ఉంది. అదీ మొదట హిందీ, ఇంగ్లీషుల్లోనే. మిగతా భాషల్లోకి కూడా తెమ్మని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. వెంకటాపురంలో ఊపిరాడక పరుగెత్తినవాళ్లు అభిప్రాయం చెప్పాలంటే ముందు ఇంగ్లీషు నేర్చుకుని రావాలన్నమాట.

నేను కోరేవి పెద్ద విప్లవాలేం కాదు. కన్సల్టెంట్ ఫీజు కంపెనీ నేరుగా ఇవ్వకుండా ఒక నిధిలో వెయ్యాలి, కన్సల్టెంటుని ఆ నిధి చూసేవాళ్లే ఎంచుకోవాలి. రిపోర్టు మొత్తం తెలుగులో ఉండాలి. ఆ కంపెనీ పార్టీలకిచ్చిన విరాళాల పట్టిక షామియానా స్తంభానికి అంటించాలి. ఉన్న చట్టంలోనూ కొంత ఉంది, మనమే వాడుకోం. హియరింగ్ అయ్యాక ఎవరేం అడిగారో స్థానిక భాషలో చదివి వినిపించాలి. రాని వాళ్లు రాసి పంపొచ్చు. వచ్చిన అభ్యంతరాలకి కంపెనీ తుది రిపోర్టులో జవాబు చెప్పాలి.

అచ్యుతాపురం అవతల చీటీ పట్టుకుని లేచిన కుర్రాడు తర్వాత తన ప్రశ్నలన్నీ రాసి పంపాడు. తుది రిపోర్టు వచ్చాక పేజీ ఫొటో తీసి నాకు పంపాడు. బొగ్గు ఎంత, కార్బన్ ఎంత, తుపానొస్తే ఏమిటి అన్న మూడింటికీ కలిపి ఒకటే జవాబు ఉంది, 33 శాతం స్థలంలో గ్రీన్ బెల్టు పెంచబడును అని.